మూఢం వస్తేనే సరస్వతి

నల్లగొండలో కవిత్వ పుస్తకం ఆవిష్కరించాలంటే ముందు పంచాంగం తీయాలి. మంచి ముహూర్తం కోసం కాదు, ముహూర్తమే లేని రోజు కోసం. శుక్ర మూఢమో గురు మూఢమో పట్టాలి, లేదంటే ఆషాఢమో పుష్యమో రావాలి. పెళ్లిళ్లు ఆగాలి. అప్పటిదాకా ఫంక్షన్ హాలు మేనేజరు మన ఫోను ఎత్తడు. ఎత్తినా "ఏం ఫంక్షన్ సార్? ఓణీలా, ధోతులా?" అంటాడు. కవిత్వం అని చెబితే అవతల కాసేపు ఏమీ వినపడదు. తేరుకుని "ప్లేట్లెన్ని?" అని అడుగుతాడు. భోజనాల్లేవు, చాయ్ బిస్కట్లే అంటే "గట్లయితే మినీ హాల్ తీస్కోండ్రి. ఏసీ మాత్రం ఎయ్యం" అని బేరం తెంపేస్తాడు.

పెళ్లికి పనికిరాని రోజులన్నీ సాహిత్యానికి వదిలేసిన నాగరికత మాది. ఏ ఏడాది మూఢం రెండు మూడు నెలలు సాగితే ఆ ఏడాది నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) ఉమ్మడి జిల్లాల్లో కళలకు స్వర్ణయుగం. నాటకాలు, అవధానాలు, గజల్ సాయంత్రాలు, సంస్మరణ సభలు ఒకదాని మీద ఒకటి పడతాయి. శ్రావణం రాగానే కవులు అజ్ఞాతంలోకి వెళ్లిపోతారు. ఏ మహాకవైనా మాఘమాసంలో పుట్టి ఉంటే ఆయన జయంతిని ఆషాఢంలో జరుపుతాం. ఆయన స్వర్గంలో ఉంటాడు కాబట్టి అభ్యంతరం చెప్పలేడు. బతికి ఉంటే హాలు అద్దె తెలిసినవాడు కాబట్టి అసలే చెప్పడు.

హాలు దొరికిందనుకుందాం. వేదిక మీద నిన్నటి రిసెప్షన్ తాలూకు ప్లాస్టిక్ గులాబీల తోరణం, ఎర్ర మఖ్మల్ సింహాసనాలు రెండు. పెళ్లికొడుకు కుర్చీలో సభాధ్యక్షుడు, పెళ్లికూతురు కుర్చీలో కవి. వెనక థర్మకోల్ అక్షరాల్లో వరుడి పేరు పీకేశారు, వధువు పేరు పీకేశారు, మధ్యలో 'వెడ్స్' మాత్రం ఊడి రాలేదు. గ్రీన్ రూమ్ అంటే వంటల షెడ్డు పక్కన స్టోరు. హరిశ్చంద్రుడు ఉల్లిగడ్డ బస్తాల మధ్య రంగు పూసుకుంటాడు. కాటిసీనుకు చంద్రమతికి గ్లిజరిన్ ఖర్చు తప్పుతుంది. ఇక ఆ గోడలు! బ్యాండు మేళానికీ డీజేకీ కట్టిన గోడలవి. నటుడు ఒక్క పద్యం పాడితే అవి మూడుసార్లు పాడతాయి. 'వన్స్ మోర్' అని అరిచే శ్రమ ప్రేక్షకుడికి లేదు.

ఆ ప్రేక్షకుడి సంగతి కూడా చెప్పుకోవాలి. వేదిక లేదు వేదిక లేదని ఏడ్చే మేం, ఒక పూట వేదిక దొరికితే దాని మీదికి ఎంతమందిని ఎక్కిస్తామో చూస్తే, వేదికలు కట్టనివాళ్ల ముందుచూపును మెచ్చుకోవాలనిపిస్తుంది. ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి, ఆవిష్కర్త, పరిచయకర్త, స్వీకర్త, సమన్వయకర్త. పైన కూర్చున్నవాళ్లను లెక్కపెట్టి కింద కూర్చున్నవాళ్లను లెక్కపెడితే పైవాళ్లే గెలుస్తారు. కింద ఉన్నది వాళ్ల డ్రైవర్లు, కవిగారి బావమరదులు, శాలువాలు అందించే ఇద్దరు డిగ్రీ పిల్లలు. ఫ్లెక్సీలో ఎమ్మెల్యే గారు నిలువెత్తు, మునిసిపల్ చైర్మన్ నడుమెత్తు, కవి స్టాంపు బిళ్లంత. ఎమ్మెల్యే రాడు. ఆయన రాడని అందరికీ తెలుసు. అయినా ఆయన వస్తాడని రెండు గంటలు ఆగడం మా దగ్గర సభ మొదలయ్యే పద్ధతి.

సరే, మా ఏడుపు మాది. నూరు కిలోమీటర్ల అవతల హైదరాబాద్‌లో వ్యవహారం వేరు. అసెంబ్లీకి ఆనుకున్నట్టే రవీంద్రభారతి. అక్కడికి కూతవేటు దూరంలో పబ్లిక్ గార్డెన్స్‌లో లలితకళాతోరణం. చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞానకేంద్రం. మాదాపూర్ వెళితే శిల్పారామం, దాని పక్కనే శిల్పకళావేదిక, ఆ దాపులోనే స్టేట్ ఆర్ట్ గ్యాలరీ. బంజారాహిల్స్ సందులో 2010 నుంచి లామకాన్. అది రాజులు కట్టిన కోటేం కాదు, ఒక పాత ఇల్లు. చౌకగా చాయ్, సమోసా. ఆ మాత్రం చోటు ఇచ్చినందుకే నగరంలోని నాటకాలవాళ్లు, పాటగాళ్లు, డాక్యుమెంటరీలు తీసేవాళ్లు, ఊరికే వాదులాడేవాళ్లు అందరూ అక్కడ చేరారు. శనివారం సాయంత్రం ఎటు పోవాలో తేల్చుకోలేక నగరంలో మనుషులు ఇబ్బంది పడతారట. మాకా ఇబ్బంది రానివ్వకుండా ప్రభుత్వాలు అరవై ఏళ్లుగా జాగ్రత్త పడుతున్నాయి.

అరవై ఏళ్లని ఊరికే అనలేదు. టాగోర్ శతజయంతి వచ్చినప్పుడు రాష్ట్రాల రాజధానుల్లో ఆయన పేరిట రంగశాలలు కట్టాలని నెహ్రూ కాలంలో తలపెట్టారు. మనకు 1961లో రవీంద్రభారతి వచ్చింది. గొప్ప ఆలోచన. కాకపోతే అది రాజధాని పొలిమేర దగ్గర బస్సు దిగిపోయింది. ఉప్పల్ దాటలేదు, శంషాబాద్ దాటలేదు. టాగోర్‌తో మా నల్లగొండకు మిగిలిన చుట్టరికమల్లా ఒక్కటే: సుద్దాల హనుమంతు గారి కొడుకు అశోక్‌తేజ గారికి పాటల రచనలో జాతీయ అవార్డు వచ్చిన సినిమా పేరు 'ఠాగూర్'. ప్రభుత్వం టాగోర్‌ను మా దాకా పంపలేదు గానీ చిరంజీవి పంపించాడు.

నగరంలోని ఆ హాళ్ల మీద నాకు కోపం లేదు. అవి ఉండాలి, ఇంకా కావాలి. నా పేచీ దారి గురించి. ఎల్లకాలం ఒకే వైపు నడిచే దారి. పాలమూరు లేబర్ అన్న మాట దేశంలో ప్రాజెక్టులు కట్టిన ప్రతిచోటా తెలుసు. మేస్త్రీ వచ్చి అడ్వాన్సు ఇచ్చి, ముల్లె మూట సర్దించి, లారీ ఎక్కించుకుని పోతాడు. అదే పద్ధతిలో కళను కూడా లారీ ఎక్కించారని మాత్రం ఎవరూ రాయలేదు. సరుకు ఇక్కడిది, అంగడి అక్కడిది. గొంతు నల్లమలది, మైకు లక్డీకాపూల్‌ది. అచ్చంపేటలో పుట్టిన పాట అచ్చంపేటవాడికి వినపడాలంటే ముందు హైదరాబాద్ పోయి, అక్కడ చప్పట్లు కొట్టించుకుని, యూట్యూబ్‌లోకెక్కి, సెల్‌ఫోన్ గుండా తిరిగి రావాలి.

దర్శనం మొగిలయ్య గారినే తీసుకోండి. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం మనిషి. పన్నెండు మెట్ల కిన్నెర చేతబట్టుకుని ఊరూరా కథలు పాడినవారు. ఊళ్లలో పాడినంత కాలం ఆయన బిచ్చగాడు. 'భీమ్లానాయక్' సినిమాలో పాడగానే కళాకారుడయ్యారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. ఫొటోలు, సన్మానాలు, హామీలు. 2024 మే నెలలో ఆయన హైదరాబాద్ శివార్లలో ఒక కట్టుబడి పని దగ్గర కూలి చేస్తూ కనిపించారని పత్రికలు రాశాయి. అందరూ అయ్యో అన్నారు. నేననుకున్నది వేరు. పాలమూరు మనిషి నగరానికి ఏ పని మీద వస్తాడో నగరానికి బాగా గుర్తుంది. మధ్యలో కొన్నాళ్లు పద్మశ్రీ వల్ల మరిచిపోయింది, అంతే.

నారాయణపేట జిల్లా దామరగిద్దలో దాసరి కొండప్ప గారు బుర్రవీణ వాయిస్తారు. 2024లో పద్మశ్రీ ఇచ్చారు. అధికారులు, నాయకులు, విలేకరులు ఊరికి కార్లేసుకుని వచ్చి శాలువాలు కప్పారు. బుర్రవీణను నేర్చుకునే పిల్లలకు ఒక గది, వినే జనానికి ఒక అరుగు కట్టి ఇస్తామని వచ్చిన కారు ఏదీ నా చెవిన పడలేదు. శాలువా చౌక. గది అయితే సున్నం, సిమెంటు, ఆపైన కరెంటు బిల్లు.

పాలమూరు గౌరారంలో పుట్టిన గోరటి వెంకన్న గారికి 2021లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆయన అప్పటికే శాసనమండలిలో ఉన్నారు. ఇటిక్యాలపాడు సురవరం ప్రతాపరెడ్డి గారి పేరును తెలుగు విశ్వవిద్యాలయానికి పెట్టారు. పేరు మాది, విశ్వవిద్యాలయం హైదరాబాద్‌ది. పాలమూరు నుంచి పేర్లను కూడా తరలించవచ్చని ఈ మధ్యే కనుక్కున్నారు. ఇంకేం మిగిలిందో వెతుకుతున్నారనుకుంటా.

అసలిక్కడ ఎప్పుడూ ఏమీ లేదనుకుంటే ఇంత కడుపుమంట ఉండేది కాదు. కృష్ణకు ఎదుటి ఒడ్డున నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలంలోనే ఇటుకలతో రంగస్థలం కట్టుకున్నారు. చుట్టూ మెట్లు, నడుమ ఆటస్థలం, పదిహేడు వందల ఏళ్ల కిందట. ఎవరి పెళ్లికో కట్టింది కాదు, చూసేవాళ్ల కోసం కట్టింది. ఆ లోయ సాగర్ నీళ్లలో మునిగింది. రంగస్థలాన్ని అనుపులో తిరిగి పేర్చారు. అంటే మన ప్రభుత్వాలకు రంగస్థలం కట్టడం తెలుసు. కాకపోతే ముందు ఇక్ష్వాకులు కట్టి ఉండాలి, తర్వాత అది మునగాలి. మాకు పానగల్లులో గుడి మండపాలున్నాయి, అలంపురంలో బాదామి చాళుక్యుల గుళ్లున్నాయి. ఆ మండపాల్లో ఎవరు ఆడారో, ఎవరు పాడారో స్తంభాల మీద చెక్కి ఉంది. ఇప్పుడు అక్కడ ఆడితే పురావస్తు శాఖ ఒప్పుకోదు, ఆడకపోతే జనం రారు. జనం రాకపోతే ఆదరణ లేదని సాంస్కృతిక శాఖ నివేదిక రాస్తుంది. రెండు శాఖలకూ మంత్రి ఒక్కరే.

గద్వాల సంస్థానానికి విద్వద్గద్వాల అని పేరు. కార్తీకంలో, మాఘంలో అక్కడ పండిత సభలు జరిగేవి. ఎక్కడెక్కడి కవులో వచ్చి పద్యం చెప్పి, వార్షికం తీసుకుని పోయేవారు. తిరుపతి వేంకట కవులు గద్వాల, వనపర్తి, ఆత్మకూరు తిరిగారు. దొరలు కాబట్టి పొగిడించుకున్నారు, ఆ డబ్బు రైతు చెమట. అదంతా నిజమే, వాళ్లను నెత్తిన పెట్టుకోమని చెప్పను. కానీ నెలలు గమనించండి: కార్తీకం, మాఘం. పెళ్లి ముహూర్తాలు దండిగా ఉండే నెలలు. నిరంకుశ ప్రభువు మంచి రోజుల్లో కవిని పిలిచాడు. ప్రజాస్వామ్యంలో కవికి మూఢం మిగిలింది. వనపర్తి రాజభవనం పాలిటెక్నిక్ కాలేజీ అయింది. దాని మీద ఫిర్యాదు లేదు, అందులో చదివినవాళ్లు బాగుపడ్డారు. వాళ్లు కట్టిన వంతెనల మీదుగానే మా కళాకారులు హైదరాబాద్ వెళుతున్నారు.

దొరలకు ఎదురు నిలిచినవాళ్లకైతే వేదిక ఇవ్వాల్సిన అవసరమే పడలేదు. సాయుధ పోరాట కాలంలో సుద్దాల హనుమంతు గారు గొల్లసుద్దులను సంఘం పాటగా మార్చినప్పుడు ఎవరిని హాలు అడిగారు? గొంగడి, కర్ర, ఊరి నడుమ కాస్త జాగా. ఆ జాగాలో ఇప్పుడు ఏముందో మా ఊళ్లకు వచ్చి చూడండి. వాటర్ ట్యాంకు, దాని కింద ఓపెన్ జిమ్, దాని పక్కన నాలుగు పార్టీల జెండా గద్దెలు. రచ్చబండ ఉన్నచోట ఇప్పుడు కూర్చోవాలంటే ముందు ఏ పార్టీయో చెప్పాలి.

ఇక అసలు విషయానికి వస్తా. 2019 నుంచి 2023 చివరిదాకా తెలంగాణ సాంస్కృతిక మంత్రి మహబూబ్‌నగర్ ఎమ్మెల్యే వి. శ్రీనివాస్‌గౌడ్ గారు. ప్రభుత్వం మారింది. కొత్త సాంస్కృతిక మంత్రి కొల్లాపూర్ ఎమ్మెల్యే జూపల్లి కృష్ణారావు గారు. జెండా మారినా జిల్లా మారలేదు. పైగా బూర్గుల తర్వాత పాలమూరు బిడ్డ ముఖ్యమంత్రి అయ్యాడు, కొండారెడ్డిపల్లి రేవంత్‌రెడ్డి గారు. కళ మీద ఇంత అధికారం ఒక్క ఉమ్మడి జిల్లాలో పోగుపడటం మునుపెన్నడూ చూడలేదు. అయినా మా నాటకం ఉల్లిగడ్డ బస్తాల మధ్యనే రంగు పూసుకుంటున్నదంటే, మేం అడగలేదనో, వాళ్లకు తీరలేదనో అనుకోవాలి. తీరకపోవడానికి కారణముంది. ఇద్దరు మంత్రులకూ సాంస్కృతిక శాఖతో పాటు ఇచ్చిన శాఖ ఇంకొకటుంది: ఎక్సైజ్.

అపార్థం చేసుకోకండి, ఇందులో కుంభకోణం ఏమీ లేదు. సదుపాయం ఉంది. ఒకటి ఖజానా నింపే శాఖ, రెండోది శాలువాలు కప్పే శాఖ. ఒక చేత్తో తీసుకుని ఇంకో చేత్తో కప్పడానికి వీలుగా ఒక్కరికే ఇచ్చినట్టున్నారు. కాకపోతే చేతులు రెండూ ఒకే మనిషివి కాబట్టి ఏ చెయ్యి ఎంత పొడుగో పక్కపక్కన పెట్టి కొలవచ్చు. రాష్ట్రంలో 2,620 మద్యం దుకాణాలు. వాటికి లైసెన్సు కావాలంటే 2023లో దరఖాస్తు రుసుము 2 లక్షలు, 2025లో 3 లక్షలు, దుకాణం రాకపోయినా తిరిగి ఇవ్వరు. అయినా 2025లో 95 వేల దరఖాస్తులు దాటాయి. కలెక్టర్లు స్వయంగా కూర్చుని డ్రా తీశారు. గౌడ, ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్లు పద్ధతిగా అమలయ్యాయి. ఎంత శ్రద్ధ, ఎంత పారదర్శకత! జిల్లాకెన్ని, మండలానికెన్ని, ఎవరికెన్ని అన్నీ లెక్క ప్రకారం. ఇప్పుడు అదే మంత్రిగారి రెండో శాఖను అడగండి: మండలానికెన్ని రంగస్థలాలు? చిందు భాగోతం మేళాలెన్ని ఉన్నాయి, వాటిలో ఎన్నింటికి ఇంకా వేషాల పెట్టె ఉంది? ఆ లెక్క ఎక్కడుందో కళాకారుడికి తెలియదు. వైన్ షాపుకు ఉన్నంత జాతకం కళకు లేదు.

వేళల్లోనూ అంతే. రాత్రి 10 దాటితే తెల్లారి 6 దాకా లౌడ్‌స్పీకర్ వాడొద్దని 2000 సంవత్సరం నాటి శబ్దకాలుష్య నియమాలు. నియమం మంచిదే, ఊళ్లో రోగులుంటారు, పరీక్షలు రాసే పిల్లలుంటారు. కానీ చిందు భాగోతం, ఒగ్గుకథ, పద్యనాటకం, ఇవన్నీ జనం అన్నాలు తిన్నాక మొదలై పొద్దు పొడిచేదాకా నడిచేవి. పల్లెలో ఆట పదింటికి మొదలవుతుంది, చట్టం పదింటికి ఆపుతుంది. మధ్యలో ఉన్న సమయంలో ప్రార్థన చేసుకోవచ్చు. ప్రత్యేక అనుమతి ఉందిగా అంటారు. ఉంది. దాని కోసం పోలీస్ స్టేషన్లో కూర్చున్న గణపతి వేషధారిని ఒకసారి ఊహించుకోండి. అదే ఊళ్లో ఎన్నికల గెలుపు ఊరేగింపులో డీజే అర్ధరాత్రి దాకా మోగితే ఎవరికీ నిద్ర చెడదు. చెడినా ఎవరూ చెప్పరు.

వేదికలు కట్టడమే తెలియని ప్రభుత్వాలని అంటే మళ్లీ తప్పవుతుంది. రాష్ట్రమంతటా 2,601 రైతువేదికలు కట్టారు, ఒక్కోటి 22 లక్షలతో. చక్కని హాలు, కుర్చీలు, మైకు. రైతు పొలంలో ఉన్నన్ని రోజులూ దానికి తాళం. తాళంచెవి వ్యవసాయ విస్తరణాధికారి దగ్గర. ఆయన ఎక్కడున్నాడో ఆయన ఫోనుకే తెలియాలి. వారానికి ఒక్క సాయంత్రం బుర్రకథకు, భజనకు, పిల్లల నాటకానికి ఆ తాళం తీస్తే ఏం తరుగుతుందని అడిగితే 'అది వ్యవసాయ శాఖది' అంటారు. బడి ఆవరణ విద్యాశాఖది, మార్కెట్ యార్డు మార్కెటింగ్ శాఖది, గుడి మండపం దేవాదాయ శాఖది. పల్లె ప్రగతిలో ఊరూరా వైకుంఠధామం కూడా కట్టారు. దహనవాటికకు గేటు, షెడ్డు, స్నానాల గదులు. కాటిసీను ఆడదామంటే రాష్ట్రంలో సరైన సెట్టింగు, సరైన సౌకర్యాలు ఉన్నది అక్కడే. మా హరిశ్చంద్ర సమాజాలు ఈ సంగతి ఎందుకు గమనించలేదో!

2016లో జిల్లాలు చీల్చినప్పుడు, 2019లో నారాయణపేట వచ్చినప్పుడు, మా రెండు జిల్లాలు ఎనిమిదయ్యాయి. ఎనిమిది కలెక్టరేట్లు, ఎనిమిది పోలీసు కార్యాలయాలు. పరిపాలన ప్రజల గుమ్మంలోకి వచ్చింది. గుమ్మంలోకి రానిది ఒక్క రంగస్థలమే. ఓరుగల్లువాళ్లు మాకన్నా అదృష్టవంతులు. కాళోజీ శతజయంతి రోజు, 2014 సెప్టెంబరు 9న, హనుమకొండలో కాళోజీ కళాక్షేత్రానికి పునాదిరాయి వేశారు. 2024 నవంబరు 19న ప్రారంభించారు. మధ్యలో పదేళ్లు. ముఖ్యమంత్రి మారారు, ప్రభుత్వం మారింది, పిల్లర్ల మీద నాచు మొలిచింది. ఆ తర్వాతైనా పూర్తయింది కదా అని మేం అసూయపడుతున్నాం. పదేళ్లు ఆలస్యమైతే అసూయపడే స్థితికి మమ్మల్ని తెచ్చారు చూడండి, అదీ పాలన.

భవనాలు లేకున్నా మనుషులకు కొలువులిచ్చామని ఇంకో వాదన ఉంది. నిజమే, తెలంగాణ సాంస్కృతిక సారథిలో 550 మంది కళాకారులకు ఉద్యోగాలిచ్చారు. ఉద్యమంలో ధూంధాం ఆడిన కాళ్లకు జీతం దొరికింది. మంచి పని. ఉద్యోగంలో పని ఏమిటంటే పథకాలను పాడటం. ఒక ప్రభుత్వంలో దాని పథకాలు, ఇంకో ప్రభుత్వంలో దాని గ్యారంటీలు. ట్యూను అదే, చరణంలో పేర్లు మారతాయి. ఒక పూట నీళ్లు రాలేదని పాడితే ఏమవుతుందో అని ఏ గొంతైనా ప్రయత్నించి చూసిందా, నాకైతే వినపడలేదు.

ఇక సంస్కృతి అంటే మా దగ్గర ఏమిటో 2025 మేలో ప్రపంచానికి చూపించాం. మిస్ వరల్డ్ పోటీలకు వచ్చిన సుందరీమణులను 12న నాగార్జునసాగర్ బుద్ధవనానికి, 15న పోచంపల్లికి, 16న పాలమూరు పిల్లలమర్రికి తీసుకొచ్చారు. ఒక్క వారంలో రెండు ఉమ్మడి జిల్లాలకూ సంస్కృతి వచ్చి వెళ్లిపోయింది. ఆ పిల్లల తప్పేమీ లేదు, పాపం ఎండలో నవ్వుతూ తిరిగారు. పిల్లలమర్రి కింద వాళ్లకు పలికిన సంప్రదాయ స్వాగతాన్ని చూశాక నాకు అర్థమైంది: మా కళకు వేదిక కావాలంటే ముందు కిరీటం పెట్టుకున్నవాళ్లు ఎవరైనా రావాలి.

ఆ పిల్లలమర్రికీ ఒక కథ ఉంది. 700 ఏళ్ల చెట్టు అంటారు. 2017 చివర్లో పెద్ద కొమ్మ విరిగిపడింది. చెదలు పట్టిందని 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి చుక్క చుక్కగా మందు ఎక్కించారు. ఆ ఫొటోలు దేశమంతా చూసింది. చెట్టు బతికింది, సంతోషం. మా జిల్లాల్లో చెదలు పట్టినవాటిలో ప్రభుత్వం సెలైన్ ఎక్కించింది దానికొక్కదానికే. చెదలు పట్టిన హార్మోనియం పెట్టెలు, వేషాల పెట్టెలు, తాళపత్రాలు ఇంకా వరుసలో ఉన్నాయి.

ఇంతలో కూరెళ్ల విఠలాచార్య గారనే ఒక రిటైరైన పంతులు గారు, రామన్నపేట మండలం వెల్లంకిలో, తన సొంత ఇంటినే గ్రంథాలయం చేశారు. రెండు లక్షల దాకా పుస్తకాలు. ప్రధానమంత్రి రేడియోలో మెచ్చుకున్నారు, 2024లో పద్మశ్రీ ఇచ్చారు. ప్రభుత్వం కట్టాల్సిన దాన్ని ఎవరైనా తన ఇంట్లో కట్టిపెడితే పద్మశ్రీ ఇవ్వడం ఎటు చూసినా లాభసాటి బేరం. పంతులు గారిని తలచుకుంటే మాత్రం నా కలం వెటకారం మానేస్తుంది. ఒక పల్లెటూళ్లో, పెన్షన్ డబ్బుల మీద, ఎనభై దగ్గర పడిన వయసులో చేసిన పనది. లామకాన్ అయినా వెల్లంకి అయినా పుట్టింది ఒక ఇంట్లోనే. నగరంలో ఇల్లు ఇచ్చినవాళ్లకు చుట్టూ జనం దొరికారు, పత్రికలు దొరికాయి. వెల్లంకి దాకా రావాలంటే బస్సు దిగి అడగాలి.

పద్యనాటక సమాజాలు మా పల్లెల్లో ఇంకా చావలేదు. రైతులు, ఆటో డ్రైవర్లు, మేస్త్రీలు, ఆర్‌ఎంపీ డాక్టర్లు. హార్మోనిస్టును పిలిపించుకుని నెలల తరబడి పద్యాలు నేర్చుకుంటారు. కృష్ణుడి వేషానికి ఆశపడ్డవాడు డ్రెస్ కంపెనీ అద్దె, మైకుసెట్టు, టెంట్ హౌస్ ఖర్చులో తన వాటా తనే పెట్టుకుంటాడు. చూసేవాడు టికెట్ కొనే నాటకం ప్రపంచమంతటా ఉంది. ఆడేవాడు టికెట్ కొనే నాటకం మా దగ్గరే ఉంది. వీళ్ల కోసం నా దగ్గర ఒక ప్రతిపాదన ఉంది. కొత్త శాఖ అక్కర్లేదు, కొత్త మంత్రి అక్కర్లేదు, కొత్త భవనం కూడా అక్కర్లేదు.

మద్యం దుకాణాల వెనక పర్మిట్ రూములున్నాయి. పైన రేకులు, కింద బండలు, లైట్లు, ఫ్యాను, నీళ్ల సౌకర్యం, బయట పార్కింగు. ప్రేక్షకులను పోగు చెయ్యాల్సిన పనిలేదు, వాళ్లు ముందే ఉంటారు, లేచి పోరు, కదలమన్నా కదలరు. ఏడింటి తర్వాత అక్కడ పద్యాలు ఎలాగూ నడుస్తూనే ఉన్నాయి. శ్రుతి ఒక్కటే తక్కువ. ఒక మూలన రెండడుగుల ఎత్తు అరుగు కట్టి, ఒక తెర వేలాడదీస్తే 2,620 రంగస్థలాలు ఒక్క జీవోతో తయారు. మంత్రిగారు రెండు శాఖలనూ ఒకే తనిఖీలో చూసుకోవచ్చు, డీజిల్ ఖర్చు కలిసొస్తుంది. మూఢాలతో పనిలేదు, ఆ వ్యాపారానికి ఆషాఢం లేదు. డ్రై డే నాడు మాత్రం ప్రేక్షకులు రారు, ఆ రోజు కవి సమ్మేళనం పెట్టుకోవచ్చు. ఏ సమాజానికి ఏ అరుగు అన్నది కలెక్టర్ గారే డ్రా తీసి కేటాయించాలి, రిజర్వేషన్లు పాటించాలి, చిందువాళ్లకు, దక్కలివాళ్లకు, బుడగజంగాలకు మొదటి వరుస ఇవ్వాలి. దరఖాస్తు రుసుము మాత్రం 3 లక్షలు పెట్టకండి సారూ. పోయినేడు ఆడిన 'రామాంజనేయ యుద్ధం' తాలూకు హార్మోనిస్టు బాకీయే మావాళ్లు ఇంకా కట్టలేదు.